దూరం ఒకటి, దారి ఇంకొకటి, టైం మరొకటి

(రాలేకపోయినవాళ్లు చదువుకోవడానికి వీలుగా, రికార్డింగ్ విని టైప్ చేసిన పాఠం. తడబాట్లు మాత్రమే తీసేశాం.)

అందరికీ నమస్కారం. వెనక వరసలో వాళ్లకి వినిపిస్తోందా? సరే, వినిపించకపోతే చెయ్యెత్తండి.

ఉపన్యాసం మొదలుపెట్టేముందు ఫోన్లు జేబులో పెట్టుకోమంటారు. నేను బయటికి తియ్యమంటున్నాను. తియ్యండి. ఢిల్లీ నుంచి శాన్‌ఫ్రాన్సిస్కోకి విమానం దారిలో దూరం ఎంతో చూడండి. వచ్చిందా? 12,400 కిలోమీటర్లకి కాస్త అటూ ఇటూగా చూపిస్తుంది. ఇక్కడ ఎవరో 12,370 అంటున్నారు. కరెక్టే. మీ ఫోన్ అబద్ధం చెప్పలేదు.

ఇప్పుడు నేనొక సంగతి చెబుతాను. ఎయిర్ ఇండియా 2015 చివర్లో ఈ రెండు ఊళ్ల మధ్య ఎక్కడా ఆగని విమానం మొదలుపెట్టింది. మొదట్లో అది యూరప్ మీదుగా, అట్లాంటిక్ దాటి వెళ్లేది. ఆ దారి దాదాపు 13,900 కిలోమీటర్లు. 2016 అక్టోబర్‌లో దారి మార్చారు. తూర్పుగా తిరిగి, పసిఫిక్ మీదుగా పంపారు. ఆ దారి 15,300 కిలోమీటర్లు. అంటే 1,400 కిలోమీటర్లు ఎక్కువ. మరి టైం ఎంత పెరిగి ఉంటుంది? గంటన్నర? రెండు గంటలా?

తగ్గింది. పద్నాలుగున్నర గంటల్లో దిగింది. అట్లాంటిక్ దారికంటే దాదాపు రెండు గంటలు ముందు.

ఏమిటిది? దూరం పెరిగితే టైం తగ్గడమేమిటి? మనం మూడో తరగతి నుంచి నేర్చుకున్న లెక్క ఏమైంది? దూరాన్ని వేగంతో భాగిస్తే కాలం రావాలి కదా! ఇవాళ నేను చెప్పేదంతా ఈ ఒక్క చిక్కు గురించే. నేను ఉద్యోగం చేసినన్నాళ్లూ ఫ్లైట్ ప్లానింగ్‌లోనే ఉన్నాను. విమానం ఏ దారిన వెళ్లాలి, ఎంత ఎత్తులో వెళ్లాలి, ఎంత ఇంధనం వెయ్యాలి, ఇదే మా పని. "ఫలానా ఊరు ఎంత దూరం?" అని చుట్టాలెవరైనా అడిగితే నేను వెంటనే జవాబు చెప్పేవాణ్ని కాదు. "ఏ రోజు వెళ్తున్నావ్?" అని అడిగేవాణ్ని. వీడికి పిచ్చి అనుకునేవాళ్లు.

ముందు ఆ 12,370 ఎక్కడి నుంచి వచ్చిందో చూద్దాం. ఇక్కడ బల్ల మీద గ్లోబు ఉంది, దారం ఉంది. ముందు వరసలో పిల్లలు ఒకరు రండి. నువ్వు రామ్మా. దారం ఒక కొస న్యూయార్క్ మీద పెట్టు. రెండో కొస బీజింగ్ మీద పెట్టు. ఇప్పుడు బిగించి లాగు. దారం ఎక్కడి నుంచి పోయింది? చూడండి, పైకి పోయింది. ఉత్తర ధ్రువం పక్కనుంచి పోయింది.

న్యూయార్క్, బీజింగ్ రెండూ దాదాపు ఒకే అక్షాంశం మీద ఉన్నాయి, 40 డిగ్రీల దగ్గర. గోడ మీద తగిలించే మ్యాపులో చూస్తే రెంటికీ మధ్య అడ్డంగా స్కేలు పెట్టి గీత గీయాలనిపిస్తుంది. ఆ గీత వెంబడే, ఆ అక్షాంశం వెంబడే పసిఫిక్ మీదుగా వెళ్తే 14,400 కిలోమీటర్లు వస్తుంది. ఇప్పుడీ అమ్మాయి లాగిన దారం వెంబడి వెళ్తే దాదాపు 11,000. మూడు వేల పైచిలుకు కిలోమీటర్లు మిగిలాయి! కూర్చోమ్మా, థాంక్స్.

తప్పు మ్యాపుది కాదు లెండి. గుండ్రటి దాన్ని కాగితం మీద పరిస్తే ఎక్కడో ఒకచోట సాగదీయక తప్పదు. మనం చూసే ప్రపంచ మ్యాపుల్లో చాలా 1569లో మెర్కేటర్ గీసిన పద్ధతివి. ఆయన గీసింది ఓడల వాళ్ల కోసం. దిక్సూచి ఒకే దిక్కు చూపిస్తుంటే ఆ మ్యాపు మీద దారి వంపు లేని తిన్నటి గీతగా కనపడుతుంది. ఓడ నడిపేవాడికి అది చాలు. దానికోసం ఆయన ధ్రువాల దగ్గరి భాగాలను విపరీతంగా సాగదీశాడు. అందుకే ఆ మ్యాపులో గ్రీన్‌లాండ్ ఆఫ్రికా అంత కనిపిస్తుంది. నిజానికి ఆఫ్రికాలో గ్రీన్‌లాండ్‌లు పదమూడో పద్నాలుగో పడతాయి.

ఆ బిగించిన దారాన్నే గ్రేట్ సర్కిల్ దారి అంటారు. గోళం మీద రెండు చోట్ల మధ్య అంతకంటే దగ్గరి దారి లేదు. మీ ఫోన్ చూపించింది అదే. భూమి చుట్టుకొలత దాదాపు 40,000 కిలోమీటర్లు. అంటే ప్రపంచంలో ఏ రెండు ఊళ్లు తీసుకున్నా వాటి మధ్య దూరం 20,000 మించదు. మించితే అవతలి వైపు నుంచి వెళ్తే దగ్గరవుతుంది. అంతే కదా?

సరే, దగ్గరి దారి తెలిసింది. మరి విమానం ఆ దారినే ఎందుకు వెళ్లదు?

ఢిల్లీ నుంచి శాన్‌ఫ్రాన్సిస్కోకి దారం లాగితే అది నేరుగా ఉత్తరానికి పోతుంది. హిమాలయాలు, టిబెట్ పీఠభూమి, మధ్య ఆసియా, రష్యా, ఆర్కిటిక్. హిమాలయాల దగ్గరే మొదటి ఇబ్బంది. "విమానం పదకొండు కిలోమీటర్ల ఎత్తున పోతుంది కదా, కొండలు తొమ్మిది కిలోమీటర్లు కూడా లేవు కదా" అంటారు. నిజమే. పోవడానికి ఇబ్బంది లేదు. లోపల గాలి ఒత్తిడి పోతే? అప్పుడు పైలట్ గబగబా 10,000 అడుగులకి, అంటే మూడు కిలోమీటర్ల ఎత్తుకి దిగాలి, ప్రయాణికులు మామూలుగా ఊపిరి పీల్చుకోవాలంటే. నెత్తి మీద నుంచి పడే ఆక్సిజన్ మాస్కులు మామూలుగా కొద్ది నిమిషాలకే సరిపోతాయి. మరి కింద టిబెట్ సగటు ఎత్తే నాలుగున్నర కిలోమీటర్లు. ఎక్కడికి దిగుతాడు? అందుకని అలాంటి చోట్ల మీదుగా వెళ్లాలంటే పక్కకి తప్పుకుని దిగే దారులు ముందే గీసి పెట్టుకోవాలి, ఆక్సిజన్ ఎక్కువ మోసుకెళ్లాలి. చాలామంది చుట్టూ తిరిగే పోతారు.

రెండో ఇబ్బంది మనుషులది. 1944లో చికాగోలో చాలా దేశాలు కూర్చుని ఒప్పందం రాసుకున్నాయి. దానిలో మొదటి మాటే ఇది: ప్రతి దేశానికీ తన నేల మీది ఆకాశం మీద పూర్తి హక్కు ఉంటుంది. అంటే ఆకాశం ఎవరిదీ కాదనుకుంటాం గానీ, సముద్రం మీద తప్పిస్తే ప్రతి ముక్కకీ యజమాని ఉన్నాడు. మీదుగా పోనిచ్చినందుకు రుసుము కట్టాలి. పోనివ్వనంటే చుట్టూ తిరగాలి.

దీనికి హెల్సింకి, టోక్యో కంటే మంచి ఉదాహరణ నాకు తెలీదు. రెంటి మధ్య గ్రేట్ సర్కిల్ దూరం 7,800 కిలోమీటర్ల చిల్లర. దారం లాగితే ఆ దారి చాలావరకు రష్యా మీదే పోతుంది. సోవియట్ కాలంలో ఆ ఆకాశం చాలామందికి మూసే ఉండేది. యూరప్ నుంచి జపాన్ వెళ్లే విమానాలు 1957 నుంచి ఉత్తర ధ్రువం వైపుగా తిరిగి అలాస్కాలోని యాంకరేజ్‌లో దిగి, ఇంధనం పోసుకుని మళ్లీ ఎగిరేవి. జపాన్ వెళ్లడానికి అలాస్కా! తర్వాత 1983లో ఫిన్నెయిర్ కంపెనీ అదనపు ట్యాంకులున్న డీసీ-10 విమానం తీసుకుని హెల్సింకి నుంచి టోక్యోకి ఆగకుండా వెళ్లడం మొదలుపెట్టింది. ధ్రువం మీదుగా, రష్యాని తప్పించి. దాదాపు 13 గంటలు. ఆ తర్వాత సైబీరియా ఆకాశం తెరుచుకుంది. తొమ్మిదిన్నర గంటల్లో వెళ్లిపోయేవారు. హెల్సింకి ఊరే ఆసియాకి దగ్గరి దారి అని పేరు తెచ్చుకుంది. మరి 2022 ఫిబ్రవరిలో ఉక్రెయిన్ మీద దాడి జరిగింది, యూరప్‌కీ రష్యాకీ మధ్య ఆకాశాలు రెండు వైపులా మూసుకున్నాయి. ఫిన్నెయిర్ ఏం చేసింది? మళ్లీ ధ్రువం దారి పట్టింది. మళ్లీ 13 గంటలే.

గమనించారా? 1983లో 13 గంటలు. 2022లో 13 గంటలు. మధ్యలో ఇంజన్లు మారాయి, విమానాలు మారాయి, కంప్యూటర్లు వచ్చాయి. ఆ రెండు ఊళ్లు మాత్రం ఒక్క అంగుళం జరగలేదు. మీ ఫోన్‌ని అడిగితే అప్పుడూ ఇప్పుడూ 7,800 అనే చెబుతుంది. ధ్రువం మీదుగా వెళ్లినందుకు ప్రయాణికులకి సర్టిఫికెట్ కూడా ఇచ్చారట. మూడున్నర గంటలు ఎక్కువ కూర్చోబెట్టినందుకు ఆ మాత్రం ఇవ్వాలి కదా.

సముద్రాల మీద ఇంకో నియమం ఉంది, దాన్ని క్లుప్తంగా చెప్పి వెళ్లిపోతాను. రెండు ఇంజన్ల విమానం ఒక ఇంజన్ ఆగిపోతే ఎంతసేపట్లో ఏదో ఒక ఎయిర్‌పోర్టు చేరుకోగలగాలి అన్న లెక్క. 1953లో అమెరికా దీన్ని 60 నిమిషాలని పెట్టింది. 1985లో 120 చేశారు. ఇప్పుడు ఎయిర్‌బస్ ఏ350 లాంటి వాటికి 370 నిమిషాల దాకా ఇచ్చారు. ఈ నంబరు పెరిగినకొద్దీ విమానం దారి వంపులు తగ్గి తిన్నగా అవుతుంది. ఎందుకంటే ఒడ్డు పట్టుకుని వేలాడాల్సిన పని తగ్గుతుంది. సిడ్నీ నుంచి చిలీలోని శాంటియాగోకి ఇవాళ రెండు ఇంజన్ల విమానం వెళ్తోందంటే దీని పుణ్యమే.

ఇక అసలు సంగతికి వస్తాను. గాలి.

విమానం ఎంత వేగంగా వెళ్తుంది? గంటకి 900 కిలోమీటర్లు, అందరికీ తెలుసు. కానీ దేనితో పోలిస్తే 900? నేలతోనా? కాదు. చుట్టూ ఉన్న గాలితో. ఏటిలో పడవ ఉందనుకోండి. తెడ్డు వేసేవాడు ఒకే జోరుతో వేస్తాడు. ప్రవాహంతో పోతే ఒడ్డున చెట్లు గబగబా వెనక్కిపోతాయి, ఎదురు పోతే కదలవు. విమానం తేలేది గాలి అనే ఏటిలో. ఆ ఏరు ఊరికే ఉండదు.

తొమ్మిది నుంచి పన్నెండు కిలోమీటర్ల ఎత్తులో జెట్ స్ట్రీమ్ అని గాలి పాయలు ఉంటాయి. కొన్ని వందల కిలోమీటర్ల వెడల్పు, కొద్ది కిలోమీటర్ల మందం, వేల కిలోమీటర్ల పొడవు. చాలావరకు పడమర నుంచి తూర్పుకే. భూమధ్యరేఖ వైపు వేడి, ధ్రువాల వైపు చలి. ఆ తేడా వల్ల పైన గాలి ధ్రువాల వైపు కదులుతుంది, భూమి తిరగడం వల్ల అది తూర్పుకి మళ్లుతుంది. చలికాలంలో వేడికీ చలికీ తేడా ఎక్కువ కాబట్టి గాలి జోరూ ఎక్కువ. గంటకి 100, 150 మామూలు. 300 దాటిన రోజులూ ఉంటాయి. విమానాలు ఎగిరేది కూడా సరిగ్గా ఆ ఎత్తులోనే.

దీన్ని కనిపెట్టిన మనిషి కథ చెప్పకుండా ఉండలేను. జపాన్‌లో వసాబురో ఓయిషి అని వాతావరణ శాస్త్రవేత్త. 1920లలో బెలూన్లు వదిలి, టెలిస్కోపు లాంటి పరికరంతో వాటి వెంట చూస్తూ, పైన గాలి ఎలా వీస్తోందో కొలిచాడు. పైన భయంకరమైన జోరు ఉందని లెక్క తేలింది. ప్రపంచానికి చెప్పాలి కదా! జపనీస్‌లో రాస్తే ఎవరు చదువుతారు? ఇంగ్లీషులో రాశాడా? లేదు. ఎస్పరాంటోలో రాశాడు! వేర్వేరు భాషల వాళ్లు ఒకరితో ఒకరు మాట్లాడుకోవడానికని తయారుచేసిన భాష అది. ఆయనకి దాని మీద అభిమానం. 1926లో అచ్చేశాడు. జపాన్ బయట దాదాపు ఎవరూ చదవలేదు.

1944లో అమెరికా బీ-29 బాంబర్లు జపాన్ మీద తొమ్మిది పది కిలోమీటర్ల ఎత్తున ఎగిరాయి. వాళ్లకి మతి పోయింది. ఎదురు వెళ్తే విమానం నిలబడిపోయినట్టుంది, వెనకనుంచి వీస్తే బాంబు వెయ్యాల్సిన చోటు దాటిపోతోంది. జపాన్ వాళ్లకి మాత్రం ఆ గాలి ముందే తెలుసు. అదే గాలిలో కాగితపు బెలూన్లకి బాంబులు కట్టి అమెరికా మీదికి వదిలారు, దాదాపు 9,000. పసిఫిక్ దాటించడానికి ఇంజన్ అక్కర్లేదు, గాలే తీసుకెళ్లింది. యుద్ధం తర్వాత ప్యాసింజర్ విమానాలు అంత ఎత్తుకి ఎక్కేసరికి ఈ గాలి అందరికీ పనికొచ్చే సంగతైంది.

ఇప్పుడు లండన్, న్యూయార్క్ తీసుకోండి. 5,540 కిలోమీటర్లు. న్యూయార్క్ నుంచి లండన్ రావడానికి ఆరున్నర, ఏడు గంటలు. లండన్ నుంచి న్యూయార్క్ పోవడానికి ఏడున్నర, ఎనిమిది. ఒకే దూరం, ఒకే విమానం, గంట తేడా. అట్లాంటిక్ మీద విమానాల దారులు రోజూ కొత్తగా గీస్తారు, తెలుసా? తూర్పుకి వచ్చే దారులు కెనడాలోని గాండర్ విమాన నియంత్రణ కేంద్రం గీస్తుంది, పడమరకి పోయే దారులు యూరప్ ఒడ్డున ఉన్న షాన్‌విక్ కేంద్రం గీస్తుంది. తూర్పుకొచ్చేవి గాలి పాయలోకి దూకేలా గీస్తారు, పడమరకి పోయేవి దాన్ని తప్పించుకునేలా గీస్తారు. నిన్నటి దారి ఇవాళ ఉండదు. అందుకే నేను "ఏ రోజు వెళ్తున్నావ్?" అని అడిగేది.

2020 ఫిబ్రవరిలో ఒక తుఫాను సమయంలో బ్రిటిష్ ఎయిర్‌వేస్ బోయింగ్ 747 విమానం ఒకటి న్యూయార్క్ నుంచి లండన్‌కి 4 గంటల 56 నిమిషాల్లో వచ్చింది. నేలతో పోలిస్తే దాని వేగం ఒక దశలో గంటకి 1,320 కిలోమీటర్లు దాటింది. ఆ ఎత్తులో శబ్దవేగం దాదాపు 1,060. "అయితే శబ్దాన్ని దాటిందా?" దాటలేదు! దాని చుట్టూ ఉన్న గాలితో పోలిస్తే అది మామూలు వేగంతోనే వెళ్తోంది. లోపల వాళ్లకి తేడా తెలియదు. మిగతాదంతా గాలి ఇచ్చిందే.

ఇప్పుడు ఢిల్లీకి తిరిగి వద్దాం. అట్లాంటిక్ దారిలో పడమరకి పోవాలి, 13,900 కిలోమీటర్లూ ఎదురుగాలి. పసిఫిక్ దారిలో తూర్పుకి పోవాలి, 15,300 కిలోమీటర్లు వెనకనుంచి గాలి. పద్నాలుగున్నరతో భాగించండి. ఎంతొచ్చింది? గంటకి 1,055. విమానం సొంత వేగం 900, మిగతా 150 గాలిది. చిక్కు విడిపోయిందా?

సింగపూర్, న్యూయార్క్‌ల సంగతి ఇంకా బాగుంటుంది. గ్లోబు మీద అవి దాదాపు ఎదురెదురు రేఖాంశాల మీద ఉన్నాయి. దారం లాగితే ధ్రువం మీదుగా పోతుంది. అటు పోయినా ఇటు పోయినా పెద్ద తేడా లేదు. అందుకని తరచుగా ఏం చేస్తారంటే, వెళ్లేటప్పుడు తూర్పుగా పసిఫిక్ మీదుగా వెళ్తారు. వచ్చేటప్పుడు కూడా తూర్పుగానే, అట్లాంటిక్ మీదుగా వస్తారు. అంటే వెళ్లి వచ్చేసరికి భూప్రదక్షిణం అయిపోతుంది!

ఇక్కడ ఎప్పుడూ ఒక ప్రశ్న వస్తుంది. అదిగో, ఆ బాబు చెయ్యెత్తాడు. అడుగు... మంచి ప్రశ్న. "భూమి పడమర నుంచి తూర్పుకి తిరుగుతోంది కదా, మరి పడమరకి వెళ్లే విమానానికి ఊరే ఎదురొస్తుంది కదా, తొందరగా చేరాలి కదా?" అంటున్నాడు. పెద్దవాళ్లలో కూడా చాలామందికి ఉన్న సందేహం ఇది, అడగరంతే. చూడు బాబూ, భూమధ్యరేఖ దగ్గర నేల గంటకి 1,670 కిలోమీటర్ల వేగంతో తిరుగుతోంది. నువ్వన్నట్టే అయితే హెలికాప్టర్ గాల్లో గంటసేపు ఊరికే నిలబడితే చాలు, 1,670 కిలోమీటర్ల అవతలి ఊళ్లో దిగొచ్చు. అలా జరగదు కదా? ఎందుకంటే గాలి కూడా భూమితో పాటే తిరుగుతోంది. విమానం నేల మీద ఉన్నప్పుడే ఆ వేగం దానికీ ఉంది. భూమి తిరగడం వల్ల గాలి పాయలు తూర్పుకి మళ్లుతాయి, ఆ దొడ్డిదారిన మాత్రమే అది టైం మీద ప్రభావం చూపిస్తుంది.

ఇంకొక్క లెక్క చెబుతాను, ఇది నాకు ఇష్టమైనది. "పోయేటప్పుడు నష్టపోయింది వచ్చేటప్పుడు కలిసొస్తుంది, సరికి సరి" అనుకుంటారు. సరికి సరి అవుతుందా? 5,400 కిలోమీటర్ల దూరం, 900 వేగం. గాలి లేకపోతే పోను ఆరు, రాను ఆరు, పన్నెండు గంటలు. ఇప్పుడు 100 కిలోమీటర్ల గాలి పెట్టండి. ఒకవైపు 1,000తో భాగిస్తే 5.4 గంటలు. రెండోవైపు 800తో భాగిస్తే 6.75. కూడండి. 12.15 గంటలు. తొమ్మిది నిమిషాలు ఎక్కువ! ఎందుకంటే ఎదురుగాలిలో ఎక్కువసేపు ఉంటాం, మంచి గాలిలో తక్కువసేపు ఉంటాం. అదే దారిన పోయి వస్తే గాలి ఎప్పుడూ ఎంతో కొంత తీసుకునే వదులుతుంది.

ఇంధనం గురించి కాస్త. సింగపూర్ నుంచి న్యూయార్క్ 15,300 కిలోమీటర్ల పైన, దాదాపు 18 గంటల 40 నిమిషాలు. దానికి వాడే ఏ350 ప్రత్యేకమైన రకం. ట్యాంకుల్లో 1,65,000 లీటర్లు పడుతుంది, మామూలు రకం కంటే 24,000 లీటర్లు ఎక్కువ. నిండా పోస్తే దాదాపు 130 టన్నులు. విమానం పైకి లేచేటప్పుడు బరువు 280 టన్నులు దాటకూడదు. అంటే దాదాపు సగం బరువు ఇంధనమే! ఆ ఇంధనాన్ని మొయ్యడానికి మళ్లీ ఇంధనం కాలుతుంది. అందుకని సీట్లు 161 మాత్రమే పెట్టారు. ఎకానమీ క్లాసే లేదు. టికెట్ రేటు ఎందుకంత అని అడగొద్దు, లెక్క మీ ముందే ఉంది.

ఇంత బరువుతో మొదట్లో విమానం పైదాకా ఎక్కలేదు కూడా. కాస్త కిందనే ఎగురుతూ, ఇంధనం కాలి తేలికైనకొద్దీ మెట్లు మెట్లుగా పైకి వెళ్తుంది. మీరు కిటికీ పక్కన నిద్రపోతుంటారు, తెలీదు.

గాలి, రాజకీయం, ఇంధనం మూడూ ఒకేచోట ఎలా కలుస్తాయో చూపిస్తాను. ఆస్ట్రేలియాలోని పెర్త్ నుంచి లండన్‌కి 2018 మార్చి నుంచి క్వాంటాస్ కంపెనీ ఆగని విమానం నడుపుతోంది. 14,500 కిలోమీటర్లు, పదిహేడున్నర గంటలు. 2024లో పశ్చిమాసియాలో ఉద్రిక్తత వచ్చి కొన్ని ఆకాశాలు తప్పించుకోవాల్సి వచ్చింది. దారి కొంచెం పెరిగింది. అప్పుడు పెర్త్ నుంచి లండన్ వెళ్లే విమానం సింగపూర్‌లో ఆగి ఇంధనం పోసుకుని వెళ్లింది. లండన్ నుంచి పెర్త్ వచ్చేది మాత్రం ఆగకుండానే వచ్చింది! అదే దూరం, అదే విమానం. పోయేటప్పుడు ఎదురుగాలి కాబట్టి ట్యాంకు చాలలేదు, వచ్చేటప్పుడు గాలి సాయం ఉంది కాబట్టి చాలింది.

గడియారం గురించి ఎక్కువ చెప్పను, టికెట్ చూసుకునేటప్పుడు పనికొస్తుందని ఒక్క మాట. టికెట్ మీద రెండు టైములూ స్థానిక కాలాలే. చలికాలంలో టోక్యోలో సాయంత్రం 5కి ఎక్కితే, పది గంటలు ఎగిరి, లాస్ ఏంజలస్‌లో అదే రోజు ఉదయం 10కి దిగుతారు. ఎక్కకముందే దిగినట్టు! తేదీ రేఖ దాటారు, అంతే. అలాగే టికెట్ మీద రాసే ప్రయాణ కాలం గాల్లో ఉండే కాలం కాదు. గేటు దగ్గర బయల్దేరిన క్షణం నుంచి అవతల గేటు దగ్గర ఆగేదాకా. రన్‌వే మీద క్యూలో నిలబడ్డ టైం కూడా దానిలోనే. కంపెనీలు దానికి కొంత కలుపుకుని కూడా రాస్తాయి. "పావుగంట ముందే దిగాం" అని పైలట్ గొప్పగా చెబితే మరీ మురిసిపోకండి.

పాతకాలం ఎలా ఉండేదో అడిగారు ఇందాక లోపలికొస్తుంటే ఒకాయన. చెబుతాను. 1935లో లండన్ నుంచి ఆస్ట్రేలియాలోని బ్రిస్బేన్‌కి విమాన ప్రయాణం పన్నెండున్నర రోజులు. 1947లో సిడ్నీ నుంచి లండన్‌కి నాలుగు రోజులు. దారిలో మన కలకత్తాలోనూ, కరాచీలోనూ ఆగేది. నాకు వీటికంటే ఆశ్చర్యం కలిగించేవి 1943 నుంచి 1945 దాకా పెర్త్‌కీ సిలోన్‌కీ మధ్య నడిచిన ప్రయాణాలు. యుద్ధం రోజులు. సింగపూర్ జపాన్ చేతిలో ఉంది. కాటలీనా అనే నీటి విమానం హిందూ మహాసముద్రం మీద ఏకబిగిన ఎగిరేది, రేడియో మాట్లాడకుండా, నక్షత్రాలు చూసుకుంటూ. ఐదున్నర వేల కిలోమీటర్లకి 27 నుంచి 33 గంటలు! ప్రయాణికులు గాల్లోనే రెండు సూర్యోదయాలు చూసేవాళ్లు. ఇవాళ్టి విమానానికి అదే దూరం ఏడు గంటల పని. అంతసేపు ఏకబిగిన ఎగిరే ప్రయాణికుల సర్వీసు ఇవాళ్టికీ ఇంకొకటి లేదు.

ఇక మీ చేతికి ఒక సూత్రం ఇచ్చి ముగిస్తాను. ఫోన్‌లో దూరం చూడండి. 850తో భాగించండి. అరగంట కలపండి, ఎక్కడానికీ దిగడానికీ. పరీక్షిద్దాం. లండన్, న్యూయార్క్: 5,540. ఆరున్నర, అరగంట, మొత్తం ఏడు గంటలు. పోను రాను సగటు దగ్గర్లోనే వచ్చింది. సింగపూర్, న్యూయార్క్: పద్దెనిమిదిన్నర పైన. సరిపోయింది. హెల్సింకి, టోక్యో: 9 గంటల 40 నిమిషాలు. 2021లో సరిపోయేది, ఇప్పుడు సరిపోదు. మీ లెక్కకీ టికెట్‌కీ గంటకి మించి తేడా వస్తే, మధ్యలో ఏ ఆకాశం మూసి ఉందో, గాలి ఎటు వీస్తోందో వెతకండి. ఇంటర్నెట్‌లో చాలాచోట్ల "ఫలానా ఊరి నుంచి ఫలానా ఊరికి విమాన ప్రయాణం ఇన్ని గంటలు" అని రాసి ఉంటుంది. వాళ్లు చేసేదీ ఇదే భాగహారం. ఆ ఊళ్లలో ఎయిర్‌పోర్టు లేకపోయినా రాసేస్తారు.

చివరిగా సిడ్నీ, లండన్. 17,000 కిలోమీటర్లు. రోజువారీ సర్వీసుగా ఆగకుండా వెళ్లే విమానం దీనికి ఇంకా లేదు. 1989లో క్వాంటాస్ కొత్తగా కొన్న 747ని దాదాపు ఖాళీగా, కొద్దిమందితో లండన్ నుంచి సిడ్నీకి ఆగకుండా తెచ్చుకుంది, 20 గంటల 9 నిమిషాల్లో. 2019లో మళ్లీ పరీక్షగా 787ని తెచ్చారు, 19 గంటల 19 నిమిషాల్లో. ఇప్పుడు 20,000 లీటర్ల అదనపు ట్యాంకుతో ఏ350 తయారు చేయిస్తున్నారు, 238 సీట్లతో. 22 గంటల దాకా పట్టొచ్చని కంపెనీ చెబుతోంది. మన సూత్రం ఇరవైన్నర అంటుంది. మరి ఆ గంటన్నర ఎటు వెళ్లేటప్పుడు పడుతుంది? సిడ్నీ నుంచి లండన్‌కా, లండన్ నుంచి సిడ్నీకా? నేను చెప్పను, మీరే చెప్పండి.

వినిపించింది, కరెక్ట్. ఇక ప్రశ్నలు అడగండి. మైకు అటు ఇవ్వండమ్మా.